నీళ్లని పడవలో పోసి చూశాం

మా నాన్న ఫైబర్ పడవని ఒడ్డు మీదకి లాగాలంటే ఐదుగురు కావాలి. పదేళ్ల కిందట అదొక సమస్యే కాదు. గట్టిగా ఒక్క కేక వేస్తే వీధిలోంచి పదిమంది వచ్చేవారు. ఇప్పుడు ఆ కుర్రాళ్లంతా సూరత్‌లో ఉన్నారు. మా గంజాం జిల్లా సంగతి తెలిసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ, బడికెళ్లే పిల్లలూ, శనివారం సాయంత్రం బరంపురం నుంచి వచ్చి బస్సు దిగే నాలాంటివాళ్లూ.

మాది ఒడిశాలో రంభ దగ్గర, చిలికా సరస్సు ఒడ్డు. తాత సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. నాన్న చేతిలో ముందు ఒక చెక్క పడవ ఉండేది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి అది ఎగిరి ఎవరి పొలంలోనో తిరగబడి దొరికింది, అదీ రెండు ముక్కలుగా. ఆ తర్వాత కొన్నదే ఈ ఫైబర్ పడవ. రంభ పక్కన నీళ్లలో రాతి దిబ్బలు ఎక్కువ. వాటికి తగిలి తగిలి పడవ అడుగంతా అతుకులే. అతికిన ప్రతిసారీ కాస్త బరువు పెరిగింది. నాన్నకి 68 ఏళ్లొచ్చాయి. కిందటి సంక్రాంతికి పడవని లాగబోయి నడుం పట్టేసి నాలుగు రోజులు మంచం మీదే ఉన్నాడు.

"ఇంక తేలికది చూడరా" అన్నాడు. అంతవరకు మాకు అల్యూమినియం అనే ఆలోచనే లేదు.

చేపల సంగతి ముందే చెప్పేస్తాను. పడవ కొనుక్కున్నంత మాత్రాన చిలికాలో ఎవరు పడితే వాళ్లు వల వేయడానికి లేదు, మత్స్యకార సొసైటీల హద్దులుంటాయి. నాన్న సభ్యుడు కాబట్టి మాకు ఆ గొడవ లేదు. ఇంటి కూరకి సరిపడా కొయ్యింగలో, రొయ్యలో, నాలుగు పీతలో తెస్తాడు. దానితోపాటు ఆదివారం పూట నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ ఎక్కి అలా దీవుల దాకా వెళ్లి రావాలని నా ఆశ. ఈ రెండు అవసరాలకీ పొత్తు కుదరదని అప్పటికి నాకు తెలీదు.

రెండు అల్యూమినియం పడవలు దొరికాయి.

మొదటిది కోరాపుట్ వైపు జయపురంలో. కొలాబ్ జలాశయంలో ఏదో పనికి ఒక కాంట్రాక్టరు తెప్పించుకున్న పాత పడవ. 12 అడుగులు, చదును అడుగు, రేకుల్ని రివెట్లతో బిగించినది. 45 వేలు చెప్పాడు. రెండోది విశాఖలో ఒక చిన్న షెడ్డు వాళ్లు చేస్తున్న కొత్తది. 14 అడుగులు, ముక్కు దగ్గర వి ఆకారంలో లోతుగా ఉండి వెనక్కి వెళ్లేకొద్దీ చదునయ్యే అడుగు, మొత్తం వెల్డింగ్. మోటారు కాక 1 లక్షా 35 వేలు. రెండింటికీ ఫోటోలు వచ్చాయి. ఫోటోల్లో రెండూ ఒకేలా మెరుస్తున్నాయి.

ధర చూసి నా మనసు జయపురం వైపే లాగింది. 5 వేలు అడ్వాన్సు కూడా ఫోనులోనే పంపేశాను. అదో తొందరపాటు. తర్వాత నాన్నని తీసుకుని రాత్రి బస్సులో వెళ్లాను.

పడవ ఒక గోడౌను వెనక బోర్లించి ఉంది. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు, వేలి కణుపుతో అక్కడక్కడా కొట్టి విన్నాడు. "చెరువులో దింపి చూపిస్తాను రండి" అన్నాడు కాంట్రాక్టరు మనిషి. నాన్న వద్దన్నాడు. "పడవని నీళ్లలో పెడితే ఏటి కనబడుద్ది? నీళ్లని పడవలో పోయండి."

పడవని వెల్లకిలా తిప్పి, రెండు చెక్క మొద్దుల మీద పెట్టి, పైపుతో సగం దాకా నీళ్లు నింపాం. నాన్న పొడి గుడ్డతో అడుగుభాగమంతా తుడిచి, కింద నేల మీద పడుకుని చూస్తూ ఉన్నాడు. రెండు నిమిషాలు ఏమీ లేదు. కాంట్రాక్టరు మనిషి నవ్వాడు. తర్వాత ఒక రివెట్టు తల చుట్టూ నీటి చుక్క సన్నగా ఊరి, ఆవగింజంత అయి, శనగగింజంత అయి, జారింది. పక్కదాని దగ్గర ఇంకొకటి. మధ్య వరస పొడవునా చెమట పట్టినట్టు. నాన్న జేబులోంచి సుద్దముక్క తీసి ఒక్కొక్క దాని చుట్టూ సున్నా చుట్టుకుంటూ వచ్చాడు. మొత్తం 23 సున్నాలు.

ఈ పద్ధతి గురించి తర్వాత విశాఖ షెడ్డాయన్ని అడిగితే అదే సరైన పరీక్ష అన్నాడు. నీళ్లలో ఉన్న పడవకి లోపల చేరిన నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలీదు. లోపల పోస్తే కారే చోటు బయటికి కనబడిపోతుంది. రివెట్టు వదులవడం పెద్ద జబ్బేం కాదు, మళ్లీ బిగించి కొట్టొచ్చు, లేదా తీసేసి కొత్తది వేయొచ్చు. కాకపోతే మరీ ఎక్కువ నింపకూడదు. నీటి బరువుకి మొద్దుల మీద ఉన్న పడవే వంగిపోతుంది.

రివెట్ల కంటే నన్ను భయపెట్టినవి రెండు. ఒకటి, మోటారు బిగించే వెనక పలక. పైన రేకు, లోపల ప్లైవుడ్. స్క్రూడ్రైవరు మొనతో బోల్టు బెజ్జం దగ్గర గుచ్చితే తడి ఇసుకలో దిగినట్టు దిగింది. రెండు, సీట్ల కింద తేలడానికి పెట్టే ఫోము. పడవ నిండా నీళ్లొచ్చినా మునిగిపోకుండా కాపాడేది అదే. ముందు సీటు కింద ఫోము స్పాంజిలా నీళ్లు తాగి ఉంది. కాంట్రాక్టరు 60 కిలోలని చెప్పిన పడవని మేమిద్దరం ఎత్తబోతే, ముక్కు వైపు పట్టుకున్న నాకు బరువెందుకో అప్పుడు అర్థమైంది.

అయినా కొలాబ్ నీళ్లలో దింపి చూశాం, వచ్చినందుకు. ఇక్కడ ఆ పడవ మంచితనం చెప్పకపోతే అన్యాయం. చదును అడుగు పడవ నిశ్చలంగా ఉన్న నీటి మీద అరుగులా ఉంటుంది. నాన్న ముక్కు మీద నిలబడి ఉత్త చేతులతోనే వల విసిరినట్టు నడుం తిప్పాడు, పడవ కదల్లేదు. బెత్తెడు నీళ్లున్న చోట కూడా గెడ వేసి తోసుకుపోవచ్చు. నాన్న మొహం వెలిగింది. ఆ సీసపు గుళ్ల వలని చుట్టి, మోచేతి మీద మడత వేసి, నిలబడి విసరడమే ఆయన బతుకంతా చేసిన పని.

మధ్యాహ్నం గాలి లేచింది. అలలు మూరెడు కూడా లేవు. అయినా అడుగు ప్రతి అల మీదా ఢాం ఢాం అని పడటం మొదలైంది. అంచు దాటి నీళ్లు ఒళ్లో పడ్డాయి. నేను ఫోనులో వీడియో తీశాను. రాత్రి దాన్ని చూసిన మా ఆవిడ సగంలోనే ఆపేసింది. "ఏవండీ, దీంట్లో పిల్లల్నా?" అంది. మాకు తెలిసిన కథ ఒకటుంది. అత్తవారింటికి పడవలో వెళ్తున్న జాయి అనే కొత్త పెళ్లికూతురు గాలివానలో చిలికాలో మునిగిపోయిందనీ, ఆమే కాళీజాయి అమ్మవారై దీవి మీద వెలిసిందనీ. ప్రతి మకర సంక్రాంతికీ మేం వెళ్లి దండం పెట్టుకునే తల్లి. చిన్నప్పటి నుంచి ఆ కథ విన్న ఆడపిల్లని పడవ ఎక్కించడానికి లెక్కలు చాలవు.

లెక్కలు కూడా అనుకూలంగా లేవులెండి. అమెరికాలో 20 అడుగుల లోపు చిన్న పడవలకి ఒక మోటు లెక్క వాడతారు: పొడవుని వెడల్పుతో గుణించి 15తో భాగిస్తే ఎంతమంది ఎక్కొచ్చో వస్తుంది, మనిషికి సుమారు 68 కిలోల చొప్పున. అడుగుల్లో కొలవాలి. జయపురం పడవ 12 పొడవు, 4 వెడల్పు. 48ని 15తో భాగిస్తే 3. విశాఖది 14 పొడవు, 5 వెడల్పు. 70ని భాగిస్తే నాలుగున్నరకి కాస్త పైన, అంటే నలుగురే. మేం నాన్నతో కలిపి ఐదుగురం, అమ్మ కూడా వస్తానంటే ఆరుగురం. అంటే రెండింట్లో ఏదీ మా కుటుంబం మొత్తానికి సరిపోదు. ఈ మాట ఇంట్లో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. పిల్లలు చిన్నవాళ్లే కదా, సర్దుకుందాం అని మనకి అలవాటైన మాట ఒకటి ఉంటుంది. ఆటోలో పనికొచ్చే ఆ మాట పడవలో పనికిరాదు.

కుటుంబమంతా ఒకేసారి ఎక్కాలన్న ఆశ వదిలేశాక బుర్ర తేలికపడింది. రెండు ట్రిప్పులు వేయొచ్చు. అప్పుడు ప్రశ్న మారిపోయింది: గాలి లేచినప్పుడు నలుగురిని తడవకుండా ఒడ్డుకి చేర్చేది ఏది?

మార్చిలో విశాఖ వెళ్లాం. షెడ్డులో పడవ టైర్ల మీద కూర్చుని ఉంది. నేను ముందుగా అడిగింది రేకు గురించి. కిటికీలకీ, తలుపులకీ వాడే 6063 రకం వేరు, పడవలకి వాడేది వేరు. మెగ్నీషియం కలిపిన 5052, 5083 రకాలు ఉప్పుకి తట్టుకుంటాయి. రేకు కొన్నప్పుడు మిల్లు ఇచ్చే కాగితం చూపించమన్నాను. షెడ్డాయన కొంచెం నొచ్చుకున్నాడు కానీ చూపించాడు. అడుగు 3 మిల్లీమీటర్ల 5083. జయపురందాని మందం అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

కొలాబ్‌లో ఉన్నది మంచినీళ్లు కాబట్టి ఆ పాత పడవ రేకు ఇంకా బాగానే ఉంది. చిలికా అలా కాదు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం తవ్వాక చిలికాలో ఉప్పు పెరిగింది. ఉప్పునీళ్లలో అల్యూమినియానికి అసలు శత్రువు ఉప్పు కాదు, పక్కన ఆనుకుని ఉండే వేరే లోహం. రాగి, ఇత్తడి, సీసం, స్టీలు ఏది తగిలినా ఉప్పునీరు మధ్యలో చేరి చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. తినేసేది మాత్రం అల్యూమినియాన్నే. అందుకే బోల్టుల కింద నైలాన్ వాషర్లు, అడుగున ఒక ఆనోడు ముక్క. ఆ ముక్క తనే కరిగిపోతూ పడవని కాపాడుతుంది. పూర్తి ఉప్పునీటికి జింకు వాడతారు, ఉప్పూ చప్పా కలిసిన మా చిలికా లాంటి నీళ్లకి అల్యూమినియం ఆనోడు మేలు. నాచు పట్టకుండా వేసే రాగి కలిసిన రంగు దీని దరిదాపుల్లోకి కూడా రాకూడదు.

ఇదంతా నేను శ్రద్ధగా వింటుంటే నాన్న పడవలోకి ఎక్కి కూర్చుని, "నీళ్లలో ఎప్పుడు దింపుతారు?" అన్నాడు.

దగ్గర్లో ఉన్న చెరువులో దింపారు. నాన్న నేరుగా ఒక పక్క అంచు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పడవ కలుక్కుమని వంగింది. నా గుండె జారింది. కానీ కొంతదూరం వంగి ఆగిపోయింది, ఇంకా తొక్కినా వంగలేదు. నీటి మీద అంచు జానెడుకి పైనే మిగిలింది. నాన్న ఒకటికి నాలుగుసార్లు అటూ ఇటూ తొక్కి చూశాడు. చదును పడవ మొదట అస్సలు ఒరగదు, ఒరిగితే చెప్పకుండా ఒరుగుతుంది. ఇది ముందే కదిలి చెబుతుంది. ఇది నా మాట కాదు, దిగాక నాన్న అన్నది: "అది మొహమాటపు మనిషిరా. ఇది గొణుగుతాది గానీ మోసం సెయ్యదు."

కానీ వల విసరడానికి నచ్చలేదు. ముక్కు కోసుగా ఉంది, కాళ్లు రెండూ పక్కపక్కన పెట్టడానికి చోటు లేదు. అడుగు నిలకడగా ఉండదు. "దీంట్లో నేను కూసోని గేలం వెయ్యాలేటి, సాయిబు దొరలాగ?" అని ముఖం చిట్లించాడు. షెడ్డాయన్ని అడిగితే ముక్కు వెనక నిలబడటానికి ఒక చదును తట్టు వేసి ఇస్తానన్నాడు, 9 వేలు ఎక్కువ. తట్టు ఎత్తు తగ్గించమన్నాం. ఎత్తు మీద నిలబడిన కొద్దీ పడవ ఇంకా ఊగుతుంది.

ఇంక బరువు. మొత్తం కథ మొదలైందే దానితో కదా. వేలాడే కాటాకి తగిలిస్తే తట్టు కాక 118 కిలోలు. ఫైబర్‌దానితో పోలిస్తే సగం. అయినా నాన్నా, అమ్మా కలిసి ఎత్తేది కాదు. జయపురం పడవ రిపేరు చేయించుకుంటే ఇద్దరు ఎత్తుకుని నడవొచ్చు. ఇక్కడ రెండు వారాలు ఆగిపోయాం. నిజం చెప్పాలంటే నాన్న ఒక్కడికే అయితే నేను జయపురందే కొనేవాణ్ని. రివెట్లు కొట్టించి, వెనక పలక మార్చి, ఫోము కొత్తది వేయించినా 70 వేలలోపు అయ్యేది. ఒడ్డుకి దగ్గరగా, పొద్దున్న గాలి లేవకముందు, గెడతో తోసుకుంటూ వల విసిరే మనిషికి అంతకంటే మంచి పడవ లేదు. ఆ మాట ఆయనకీ చెప్పాను. "మరి గుంటలు ఎక్కొద్దేటి?" అన్నాడు, పిల్లల్ని తలుచుకుని. అక్కడితో తేలిపోయింది.

బరువుకి దారి బరంపురంలో ఒక వెల్డింగు మేస్త్రీ చూపించాడు. పాత లూనా చక్రాలు రెండు, వాటికి ఒక ఇరుసు, పడవ అడుగుకి తగ్గట్టు వంచిన రెండు పట్టీలు, పట్టీల మీద రబ్బరు. పడవ మధ్య భాగం చక్రాల మీద కూర్చుంటే ముక్కు దగ్గర పట్టుకునేవాళ్లకి 20 కిలోలు కూడా పడదు. నీళ్ల అంచు దగ్గర మెత్తటి బురదలో మాత్రం చక్రం దిగబడుతుంది. అక్కడ రెండు తాటి పలకలు పరిచాం. 3,800 రూపాయలైంది. ఈ పనంతటిలోకీ బాగా గిట్టుబాటైన ఖర్చు ఇదే.

మోటారు దగ్గర ఒక తప్పు జరగబోయి తప్పిపోయింది. మా బాబాయ్ దగ్గర వాడని మోటారు ఒకటుంది, తీసుకోమన్నాడు. ఫ్యాను దాకా కిందకి దిగే దాని కాడ పొడవు 20 అంగుళాలు. మా పడవ వెనక పలక ఎత్తు 15 అంగుళాలకి చేసింది. పొడవు కాడ బిగిస్తే ఫ్యాను ఇంకో 5 అంగుళాలు కిందకి దిగి, రంభ దగ్గర అడుగు గీసుకుంటూ, గడ్డి చుట్టుకుంటూ పోతుంది. కొలత టేపు చేతిలో ఉండబట్టి సరిపోయింది. చివరికి 5 హార్స్ పవర్ పొట్టి కాడ మోటారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దాని బరువే పాతిక కిలోలు. కాగితాల పని, తిరుగుళ్లు నాన్న చూసుకున్నాడు, నేను వాటి జోలికి పోను.

జయపురం అడ్వాన్సు 5 వేలలో 3 వేలు వెనక్కి వచ్చాయి. మిగతా 2 వేలు గోడౌను అద్దె అన్నాడు ఆయన. 23 సున్నాలకి ఫీజు అనుకున్నాను.

పడవ ఉగాది తర్వాత వారం వచ్చింది, ఖాళీగా వెళ్తున్న లారీ మీద. మే నెల వచ్చేదాకా మాకు తెలియని సంగతి ఒకటి: ఎండలో పెట్టిన అల్యూమినియం పెనమే. మా చిన్నది చెప్పులు విప్పి ఎక్కి, అంతే వేగంగా దిగి ఏడ్చింది. కొబ్బరి పీచు పట్టా పరిచాం. అది తడిసి ఆరక, కింద గాలి ఆడక, రేకు మీద మచ్చలు పడటం మొదలైంది. ఈ లోహానికి గాలి తగిలితేనే పైన సన్నటి పొర కట్టి తనని తాను కాపాడుకుంటుంది, తడి గుడ్డలా అంటుకుని ఉండేది ఏదైనా చేటే. ఇప్పుడు రబ్బరు పట్టా. దిగగానే ఎత్తి ఆరేస్తాం. పట్టా వచ్చాక చప్పుడు కూడా తగ్గింది. మొదట్లో గెడ జారి అడుగున పడితే గుడి గంట మోగినట్టుండేది. "డప్పు కొట్టుకుంటా సేపలకి ఎల్తున్నాను" అనేవాడు నాన్న.

మా ఆవిడ మొదటి ఆదివారం ఎక్కలేదు. ఒడ్డున నిలబడి పిల్లల లైఫ్ జాకెట్ల పట్టీలు మూడుసార్లు లాగి చూసింది. జాకెట్లు మాత్రం పిల్లల సైజువే కొన్నాం. పెద్దవాళ్లవి వేస్తే నీళ్లలో పడినప్పుడు మెడ మీదుగా పైకి జారిపోతాయి. మూడో ఆదివారం ఎక్కింది. తిరిగొచ్చేటప్పుడు దక్షిణం గాలి లేచింది. ముక్కు అలని చీల్చి పక్కలకి తోసేసింది. మేం పూర్తిగా తడవకుండా రాలేదు, మోకాళ్ల దాకా తడిశాం. దిగాక "మళ్లీ వారం అత్తయ్యని తీసుకెళ్లండి, నేను ఇంటి దగ్గర ఉంటాను" అంది. ఆ రోజు నుంచి వంతులు నడుస్తున్నాయి.

నాన్నకి నేను పెట్టిన నియమం ఒక్కటే: వలని పడవలో వదలొద్దు. సీసపు గుళ్లు తడి అల్యూమినియం మీద రాత్రంతా ఉంటే ఏమవుతుందో షెడ్డాయన చెప్పింది ఆయనకి రెండుసార్లు చెప్పాను. సరే సరే అన్నాడు. మొన్న దీపావళికి వెళ్లినప్పుడు మంచినీళ్లతో కడుగుతూ ముందు తట్టు కింద చెయ్యి పెడితే ఏదో తగిలింది. ఒక సీసం గుండు. దాని కింద రూపాయి బిళ్లంత మేర తెల్లటి పొడి, గోటితో గీరితే చిన్న గుంట. నాన్నకి చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని, తిప్పి చూసి, "ఇది మీ బాబాయ్ వలదిరా" అన్నాడు.